నల్లరాయి మీద కబురు

కుంట గట్టున ఒక నల్లరాయి ఉండేది. చిట్టి నత్త రోజూ పొద్దున్నే దాని మీద పాకుతూ, తన తడిగీతతో ఒక చిన్న కబురు రాసేది. కొత్త కదా, అక్షరాలు వంకర పోయేవి. అయినా ఒక్కరు చదివితే చాలనుకునేది.

పక్క బొరియలోని ఎండ్రకాయ మామ ఊరుకునేవాడు కాదు. "ఏమ్మా, ఇవాళ ఎంతమంది చదివారు?"

"ఎవరూ రాలేదు మామా."

"పాతిక రోజులుగా ఇదే మాట. రాయికి స్నానం చేయిస్తున్నావు, అంతే."

ఎండెక్కగానే మామ బొరియలోకి, నత్త గుల్లలోకి దూరేవారు. ఇరవయ్యారో రోజు నత్తకు మనసు విరిగిపోయింది. ఇక రాయనని గుల్లలోనే పడుకుంది.

మిట్టమధ్యాహ్నం ఎవరో గుల్ల తట్టారు. తల బయటపెడితే ఎదురుగా చీమల బారు.

"అక్కా, ఒంట్లో బాగాలేదా? ఇవాళ రాయలేదేం?"

"మీరు చదువుతారా? ఎప్పుడూ కనబడలేదే."

"తడి మీద నడిస్తే కాళ్ళు అంటుకుపోవూ? ఆరాక వచ్చి, గీత వెంట నడుస్తూ చదువుకుంటాం. మొన్నటి కప్పల పెళ్ళి కబురు మీద మా బామ్మ రెండుసార్లు నడిచింది."

ఎండ కాస్త తగ్గగానే నత్త రాయెక్కింది. అక్షరాలు ఇంకా వంకరగానే వచ్చాయి. చీమలు రాయి నీడలో కూర్చుని, అవి ఆరేదాకా ఆగాయి.