ఆ మోత ఇంకోసారి

డబ్బా పక్క రేకు ఊడదీయగానే లోపలి దుమ్మంతా నా ఒళ్ళో పడింది.

దులుపుకునే ఓపిక కూడా లేదు. పొద్దున్నుంచీ ఈ ఆసుపత్రిలో గది గదికీ తిరుగుతున్నాను. మందుల కౌంటర్లో ప్రింటర్, రక్తపరీక్షల గదిలో ఊడిపోయిన వైరు, ఇప్పుడు చెవి పరీక్షల గదిలో ఈ ముసలి కంప్యూటర్. రిపేరువాడికి కూడా నడుమనేది ఒకటి ఉంటుందని ఎవరికీ తట్టదు.

"టేబుల్ కాస్త కిటికీ వైపు జరిపామండీ, అంతే," అంది డాక్టరమ్మ.

అంతేనట! అందరూ ఆ మాటే అంటారు. జరిపారో, కింద పడేశారో దేవుడికెరుక.

"ఎలాగైనా ఇవాళ ఇది లేవాలి. పరీక్ష మొత్తం దీంతోనే చెయ్యాలి. పాపం, వాళ్ళు ఎప్పుడో వచ్చి కూర్చున్నారు."

వాళ్ళంటే, గోడవారగా బెంచీ మీద ఓ అత్తా కోడలూ. నేల మీద వాళ్ళ పాప. రెండేళ్ళుంటాయేమో. మాకు వీపు పెట్టి కూర్చుని ఖాళీ కాగితం కప్పులు ఒకదాని మీద ఒకటి పేరుస్తోంది.

పాపకి ఇంకా మాటలు రాలేదట. పిలిస్తే పలకదట. అసలు వినపడుతోందో లేదో ఇవాళ తేలాలి.

మీట నొక్కాను. ఫ్యాను తిరిగింది. తెర మాత్రం నల్లగానే ఉంది.

బీ...ప్.

ఆ మోత ఉందే, అది మామూలు మోత కాదు. మత్తిచ్చి పడుకోబెట్టినవాడైనా లేచి కూర్చోవాల్సిందే. డాక్టరమ్మ చెవులు మూసుకుంది. అత్తగారి చేతిలో నీళ్ళ సీసా ఒలికిపోయింది.

"అమ్మ బాబోయ్! అది పేలుతుందా ఏంటి నాయనా?"

"పేలదులెండి. లోపల మెమరీ ముక్క కదిలితే ఇలాగే మొత్తుకుంటుంది."

కరెంటు తీసేసి, ఆ ముక్క బయటికి లాగి, దాని అంచుని రబ్బరుతో రుద్దాను. పిల్లలు పెన్సిల్ రాతలు చెరుపుకునే రబ్బరే. మా పనిలో సగం వైద్యం దాంతోనే.

అత్తగారి నోరు ఊరుకోలేదు.

"మా అబ్బాయికి కూడా మాటలు ఆలస్యంగానే వచ్చాయి. వచ్చాక వాడి నోరు మూయించడం మా వల్ల కాలేదనుకో. ఇదీ అంతే, అచ్చం తండ్రి పోలిక. ఈ అమ్మాయికే కంగారు. ఊరికే పరీక్షలూ గిరీక్షలూ."



ముక్కని అదే గాడిలో పెట్టి మళ్ళీ నొక్కాను. మళ్ళీ అదే మోత. నాకు ఒళ్ళు మండింది.

ఈసారి కోడలు లేచి వచ్చి కిటికీ పక్కన నిలబడింది.

"కాస్త పక్కకి జరుగు తల్లీ, వెలుతురుకి అడ్డం వస్తున్నావు," విసుక్కున్నాను.

జరిగింది. ఆమె చూపు నా మీదా లేదు, కంప్యూటర్ మీదా లేదు. నేనూ పట్టించుకోలేదు. కడుపు నకనకలాడుతోంది. ఇల్లు చేరితే చాలనుంది.

ముక్కని పక్క గాడిలో పెట్టి, టక్కుమనేదాకా అదిమి, మీట నొక్కాను.

మోత లేదు. తెర వెలిగింది.

"హమ్మయ్య, బతికించారు!" అంది డాక్టరమ్మ. "లోపల అన్నీ సర్దుకుని పిలుస్తానమ్మా, పాపని తీసుకురండి." పరీక్ష చేసే లోపలి గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది.

"ఇంకేం, ఇప్పుడు ఆవిడ నోటి నుంచే వింటావు, పిల్లకి ఏ లోటూ లేదని," అంది అత్తగారు.

నేను రేకు బిగించబోతుంటే కోడలు వచ్చి నా పక్కన గొంతుక్కూర్చుంది.

"అన్నా." అత్తగారికి వినపడకుండా అడిగింది. "ఆ మోత ఇంకోసారి వస్తుందా?"

"ఇంక రాదమ్మా. బాగైపోయిందిగా."

"ఒక్కసారి రప్పించవా?"

ఇదేం పిచ్చి అనబోయాను. అప్పుడు చూశాను, ఆమె ఎటు చూస్తోందో.

కప్పులు పేరుస్తున్న ఆ చిన్న వీపు వైపు.

అది మోగిన ప్రతిసారీ పెద్దవాళ్ళందరం ఉలిక్కిపడ్డాం. పాప సంగతి నేను చూడనే లేదు. ఈ తల్లి మాత్రం చూస్తూనే ఉంది.

చేతిలోని రేకు పక్కన పెట్టాను.

"డాక్టరమ్మ చూస్తుందిగా తల్లీ. లోపల మంచి మంచి మిషన్లున్నాయి."

"ఆవిడ చెప్పకముందే నాకు తెలియాలన్నా. ఇందాక ఆటలో పడి పట్టించుకోలేదేమో. అది ఆటలో పడితే అంతే."

బాగుచేసినదాన్ని చేతులారా పాడుచేయడం నాకు అదే మొదలు. కరెంటు తీసి, మెమరీ ముక్క లాగేశాను.

ఆమె వెళ్ళి పాప ఎదురుగా నేల మీద కూర్చుంది. కప్పులన్నీ తీసి తన ఒళ్ళో పెట్టుకుంది. పాప ఖాళీ చేతులతో తల్లి ముఖంలోకి చూసింది.

ఆమె నాకు తల ఊపింది.

నొక్కాను.

బీ...ప్.

అత్తగారు ఏదో చెప్పబోతూ ఆగిపోయింది. లోపలి గది తలుపు తెరుచుకుంది. "మళ్ళీ ఏమైందండీ?" అంది డాక్టరమ్మ.

బీ...ప్.

పాప తల్లిని చూసి నవ్వింది. కప్పు కోసం చెయ్యి చాపింది.

ఆమె కప్పు ఇచ్చేసింది. కాసేపు పాప ముఖంలోకే చూసి, నా వైపు తిరిగింది.

"ఇంకాస్త గట్టిగా మోగదా, అన్నా?"