చుక్కలన్నీ వెలిగిన రోజు

"దానికేదో అయిపోయింది నాయనా, నా మనసు కీడే శంకిస్తోంది," అంది తల్లి, అటవీశాఖ వైర్‌లెస్ గదిలో తెర ముందు కూలబడి.

ఆమె కూతురు అడవిలో, వానలో, పిల్లల్ని పెట్టిన చిరుతకు కాపలా ఉంది. చిరుత కదిలిన చోట చెట్టుకు కట్టిన సెన్సర్ కబురు పంపితే, తెర మీద అక్కడొక చుక్క వెలిగేది. కూతురూ ఆ పక్కనే ఉంటుందని తల్లికి ధైర్యం. ఇవాళ చుక్కలన్నీ వెలుగుతున్నాయి.

"చెడిపోయిందా?"

"మేమే అలా పెట్టాం పిన్నిగారూ," అన్నాడు ఆపరేటరు. "వేటగాళ్లు కబురు పుట్టిన చోటు పట్టేస్తున్నారు. అందుకే అన్ని సెన్సర్లూ ఒకేసారి కబురు పంపుతాయి. ఒకటి నిజం, మిగతావన్నీ ఉత్తుత్తివి."

"నా పిల్ల ఉన్నది ఏ చుక్క దగ్గర?"

"చెబితే గొడుగేసుకుని బయల్దేరతారు. వాళ్లు మీ వెనకే వస్తారు."

తల్లికి నవ్వూ రాలేదు, ఏడుపూ రాలేదు.

అతను మైకు అందించాడు. "మాట్లాడండి, కానీ వాళ్లూ వింటుంటారు. జవాబు ఎక్కడ పుట్టిందో తెలియకుండా సెన్సర్ల మీదుగా అడవంతా తిరిగి వస్తుంది, ఆలస్యమైతే కంగారుపడకండి."

ఎక్కడున్నావే అన్న మాట నోటిదాకా వచ్చింది. తల్లి దాన్ని మింగేసింది.

"మేజోళ్లు తడిశాయా?"

చాలాసేపు గరగర తప్ప ఏమీ లేదు. తల్లి చుక్కలవైపు చూడడం మానేసింది.

"మార్చుకున్నానులే అమ్మా."