పక్క కుర్చీ

మళ్ళీ మొదలైంది ఆ చప్పుడు.

అడ్డుపడ్డ తూములోంచి గిన్నెలు కడిగిన నీళ్ళు దిగుతున్నట్టు గళగళ. తర్వాత ఒక కాండ్రింపు. ఆ తర్వాత నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకుని ఒక తుడుపు.

దర్జీ కూతురు ముక్కు మూసుకుంది.

కుర్చీ ఇంకాస్త ఇవతలికి లాక్కుంది. ఇద్దరి మధ్యా గోడలాగా పుస్తకాల సంచీ నిలబెట్టింది. గొంతుకు గుడ్డ చుట్టుకున్న ఆ ముసలాయన మాత్రం తన కంప్యూటర్ మీద ఒంటి వేలితో కొట్టుకుంటూనే ఉన్నాడు.

ఆదివారమే కాలేజీ ప్రవేశ పరీక్ష. కాగితం మీద రాసేది కాదు, అంతా కంప్యూటర్ మీదే. మంచి మార్కులొస్తే ఫీజు లేకుండా సీటు. రాకపోతే, అమ్మ పక్కన రెండో కుట్టుమిషన్ ఎప్పటినుంచో ఖాళీగా ఉంది. ఇంట్లో కంప్యూటర్ లేక ఈ ప్రాక్టీసు హాలుకు వస్తోంది పిల్ల.

లేచి మేనేజరు దగ్గరికి వెళ్ళింది.

"అన్నా, నా సీటు మార్చు."

"ఎక్కడికి మార్చను? అన్నీ నిండిపోయాయి కదమ్మా."

"అయితే ఆయన్ని మార్చు. ఆ తువ్వాలు చూస్తుంటే మధ్యాహ్నం తిన్నది బయటికొచ్చేట్టుంది."

"గొంతు ఆపరేషనైంది తల్లీ. మాట కూడా లేదు పాపం. కాస్త ఓర్చుకో."

"ఓర్చుకోడానికి నేనేమన్నా ఆయన కోడలినా? ఈ వయసులో ఆయన ఏ కాలేజీలో చేరతాడట?"

మేనేజరు ఆ ముసలాయనకేసి ఒకసారి చూసి, లెక్కల పుస్తకం తెరుచుకున్నాడు.

పిల్ల విసురుగా వచ్చి కూర్చుని ప్రాక్టీసు పరీక్ష పెట్టుకుంది. మొదటి భాగం మంచినీళ్ళ ప్రాయంగా సాగింది. రెండో భాగం తెరుచుకోగానే గుండె జారింది. ప్రతిసారీ ఇదే వరస. ప్రశ్నలు గట్టిపడగానే అంతా పాడైపోయిందనుకోవడం, చేతికి దొరికిన జవాబు నొక్కేసి బయటపడడం.

అలాంటప్పుడు ఆమెకు దిక్కు డౌట్ల మాష్టారే.

తెర మీద ఒక మూల చిన్న గడి ఉంటుంది. అందులో డౌటు రాస్తే మాష్టారు జవాబు రాస్తాడు. ఏ మహానగరంలో, ఏ అద్దాల మేడలో కూర్చుని రాస్తాడో పిల్లలెవరికీ తెలీదు. ఇస్త్రీ చొక్కా, బంగారు అంచు కళ్ళజోడు అని ఈ పిల్ల ఊహించుకుంది. ఆయన రాస్తే పాఠం చెప్పినట్టుండదు, మేనమామ పక్కన కూర్చుని బుజ్జగించినట్టుంటుంది.

"మాష్టారూ, రెండో భాగం రాళ్ళు నమిలినట్టుంది. నేను పనికిరానేమో."

జవాబు మెల్లగా వచ్చింది.

"పిచ్చితల్లీ, మొదటి భాగం బాగా చేసినవాళ్ళకే కంప్యూటరు రెండోది గట్టిగా ఇస్తుంది. తేలిగ్గా వస్తే అప్పుడు భయపడు. కష్టంగా వచ్చిందంటే నీకు పెద్దపీట వేసిందన్నమాట. దర్జాగా కూర్చో."

ఆమెకు నవ్వొచ్చింది. ఆ నవ్వు పెదాల మీద ఉండగానే పక్కనుంచి గళగళ. సంచీ మీదుగా తువ్వాలు తడి అంచు కనబడింది.

గడిలో టకటకా రాసింది.

"ఇంకో డౌటు మాష్టారూ. నా పక్కన ఒక రోగిష్టి ముసలాయన కూర్చుంటాడు. ఉమ్ము, కంపు, చప్పుడు. చూస్తేనే డోకొస్తోంది. ఇలాంటివాళ్ళని మనుషుల మధ్యకి ఎందుకు రానిస్తారు?"

ఈ జవాబుకి చాలాసేపు పట్టింది.

"నిజమే తల్లీ. రేపట్నుంచి ఆయన రాడు. నువ్వు పరీక్ష మీద మనసు పెట్టు."

మర్నాడు పక్క కుర్చీ ఖాళీ. ఎక్కడో కూర్చుని ఇక్కడి మనిషిని లేపించాడంటే మాష్టారి పలుకుబడి ఎంతటిదో అని పిల్ల మురిసిపోయింది. తడిగుడ్డ పెట్టి ఆ బల్ల తుడిచింది, మీటలూ తుడిచింది, ఆ గుడ్డ బయట పారేసి సబ్బుతో చేతులు కడుక్కుంది.

ఆ రోజునుంచి గడిలో జవాబులు రాలేదు. పరీక్షల హడావుడి, మాష్టారికి ఎందరు పిల్లలో అనుకుంది.

ఆదివారం రెండో భాగం రాళ్ళలాగే వచ్చింది. ఆమె బెదరలేదు. నింపాదిగా ఒక్కొక్కటీ చేసుకుపోయింది.

మార్కులు తెలిసిన రోజు హాలుకు పరుగెత్తుకొచ్చింది.

"అన్నా, సీటు వచ్చినట్టే. మాష్టారు ఏ ఊళ్ళో ఉంటారో చెప్పు. ఒక్కసారి కళ్ళారా చూసొస్తాను."

వైర్లు చుడుతున్న మేనేజరు తల ఎత్తలేదు.

"ఇంకేం చూస్తావు. మొన్ననే కన్నుమూశాడు."

పిల్ల తలుపు పట్టుకుని నిలబడిపోయింది.

"ఒంట్లో బాగాలేదని ఎవరూ చెప్పలేదేంటన్నా?"

"నీ పరీక్షయ్యేదాకా నోరెత్తొద్దని సైగ చేసి మరీ వెళ్ళాడు."

అప్పుడు తలెత్తి ఆమెకేసి చూశాడు. చూడకూడనిదేదో చూసినవాడిలా వెంటనే ముఖం తిప్పుకున్నాడు.

"గొంతు పోయాక నోటితో చెప్పలేక, నీ పక్క కుర్చీలో కూర్చుని, ఒంటి వేలితో నీ డౌట్లకు జవాబులు కొట్టింది ఆ ముసలాయనే."