పొదలో చుంచెలుకలు

ఇక్కడ చుంచెలుకలు అంతరించాయని నివేదిక మీద సంతకం పెట్టేముందు, పరిశోధకుడు చివరిసారిగా పొదల దగ్గరికి వెళ్లాడు. ఫ్లాస్కు పట్టుకుని భార్య కూడా వెంట వెళ్లింది.

బోనులో పడితే అవి కొన్ని గంటల్లోనే ఆకలికి చచ్చిపోతాయి. అందుకే ఆయన బోను వాడడు. కూర్చుని కిచకిచలు వింటాడు. ఉద్యోగమంతా అదే పద్ధతి. అలారం మోగకముందే మెలకువ వచ్చేంత క్రమశిక్షణ.

"రెండేళ్లుగా ఒక్క చప్పుడూ లేదు. నేను సంతకం పెడితే రేపు ఈ పొదలన్నీ కొట్టేస్తారు," అన్నాడు.

"ఒక్కటీ లేదంటారా?"

"ఉంటే అరవవూ? విను, ఎంత నిశ్శబ్దంగా ఉందో."

ఆమె వింది. "ఏం నిశ్శబ్దమండీ. ఒకటే కిచకిచ. చెవులు చిల్లులు పడుతున్నాయి."

ఆయన పొదలోకి వంగాడు. ఆకుల మధ్య నుంచి పొడుగుమూతి ఒకటి బయటికొచ్చింది. మూకీ సినిమాలోలాగా నోరు తెరిచి, మూసి, లోపలికి పోయింది.

ఆయన పెన్ను జేబులో పెట్టేసుకున్నాడు. భార్య వైపు తిరిగి అడిగాడు.

"పొద్దున అలారం మోగుతోందా?"

"రోజూ మోగుతుంది. నేనే ఆపేసి, మీ దుప్పటి లాగేస్తున్నా."

"మరి నాకు చెప్పలేదేం?"

"చెప్పాను," అంది ఆమె టీ అందిస్తూ. "అప్పటికి నాకింకా అరిచి మాట్లాడటం అలవాటు కాలేదు."