మూడో సాక్షి

దరఖాస్తును రెండోసారి కూడా తిప్పి పంపారు.

ఇవోనా ఆ ఈమెయిల్‌ను నిలబడే చదివింది. "మీ పనితనంలో లోపం లేదు. సాక్ష్యం చాలలేదు." అంతే, రెండు ముక్కలు.

"లోపం లేదట," అంది రాదెక్‌తో. "పిల్ల బంగారం, సంబంధం మాత్రం వద్దు అన్నట్టుంది."

పోలండ్‌లోని పోజ్నాన్‌లో, ట్రాముల డిపో వెనక వాళ్లిద్దరి ఏజెన్సీ. మొత్తం పన్నెండు మంది. ఆన్‌లైన్ దుకాణాలు కడతారు. ఒకే బండరాయిలా కాదు, విడివిడి ముక్కలుగా. వెతుక్కునే ముక్క వేరు, బుట్ట వేరు, చెల్లింపు వేరు. ఏ ముక్కను ఊడదీసి కొత్తది పెట్టినా మిగతా దుకాణం నడుస్తూనే ఉండాలి. అలా కట్టడం వచ్చని యూరప్ సంఘం ఒకటి సర్టిఫికెట్ ఇస్తుంది. అది చేతిలో లేకపోతే పెద్ద కంపెనీలు గుమ్మం తొక్కనివ్వవు.

ఏడాదిన్నరగా దాని వెంటే తిరుగుతున్నారు. ఆరుగురు పరీక్షలు రాసి గట్టెక్కారు. ఇవోనా రెండుసార్లు తప్పింది, మూడోసారి నెగ్గింది. తమ పనుల వివరాలు రెండు వందల పేజీలు పంపారు. ఇక మిగిలింది ముగ్గురు ఖాతాదారుల సాక్ష్యం. ఇద్దరు వెంటనే చెప్పారు. మూడో ఆయన కాలిష్ ఊళ్లో విత్తనాల వ్యాపారి, బ్రోనిస్లావ్ గారు. ఆయన ఉలకడు, పలకడు.

"మూడుసార్లు వెళ్లొచ్చాను," అన్నాడు రాదెక్. "మొన్న అయితే గోదాములో లేరని చెప్పించారు. గోడవతల ఆయన దగ్గు నాకు వినిపిస్తూనే ఉంది. ఈసారి నువ్వు వెళ్లు."

"నేను వెళ్లను. ఇంకెవరినైనా అడుగుదాం."

"ఎవరున్నారు? మిగతావన్నీ బుల్లి దుకాణాలు, లెక్కకు రావు. రెండేళ్లు ఆయన పనంతా చేసింది నువ్వు. ఒక్కసారైనా మొహం చూపించావా? చూస్తే కరుస్తాడా ఏం?"

నిజానికి ఆ పని రాదెక్ ఏదో వ్యవసాయ ప్రదర్శనలో ఒప్పుకొచ్చాడు. ఇవోనా వద్దనేలోపే సంతకాలు అయిపోయాయి.

శుక్రవారం ఆఖరు గడువు. దాటితే మళ్లీ ఏడాది ఆగాలి. ఏడాది ఆగితే పన్నెండు మందిలో సగం మందిని ఇంటికి పంపాలి.

బుధవారం ఆమె రైలెక్కింది.

మార్చి నెల, విత్తనాల కాలం. గోదాములో ఆడవాళ్లు వరసగా కూర్చుని టమాటా గింజలు పొట్లాలు కడుతున్నారు. ఎవరూ తలెత్తలేదు. గంటంబావు బెంచీ మీద కూర్చోబెట్టాక లోపలికి రమ్మన్నారు. ఆ గంటంబావులో ఆమె నాలుగుసార్లు లేచి వెళ్లిపోదామనుకుంది.

బ్రోనిస్లావ్ గారు కళ్లజోడు సర్దుకుని ఆమెను చూశాడు. చాలాసేపు చూశాడు.

"రాదెక్ గారు రాలేదేం?"

"ఆయన మూడుసార్లు వచ్చారండీ. మీరు కలవలేదు."

"పంపడానికి మీ ఆఫీసులో ఇంకెవరూ దొరకలేదా?"

"దొరికితే నేనెందుకు వస్తాను?"

ఆయన కుర్చీ చూపించాడు. ఓ పనావిడ గ్లాసుల్లో వడకట్టని మడ్డికాఫీ తెచ్చి, చెంచాడు చక్కెర వేయబోయింది.

"ఆవిడకు చక్కెర వద్దు," అన్నాడు, కంప్యూటర్ మీంచి చూపు తిప్పకుండానే.

సంఘం పంపిన ప్రశ్నలు తెరిచాడు. జవాబులు ఆయనే రాయాలి, నేరుగా సంఘానికే వెళ్తాయి. రాసేటప్పుడు ఏజెన్సీ వాళ్లు చూడకూడదు. ఇవోనా కుర్చీ వెనక్కి జరుపుకుంది. ఆయన రెండు వేళ్లతో ఒక్కో అక్షరం వెతికి కొడుతున్నాడు.

"ఒక ముక్క ఊడదీసినా మిగతావి ఆగకుండా నడిచాయా అని అడుగుతున్నారు."

"చలికాలంలో చెల్లింపు ముక్క మార్చాం కదండీ. ఒక్క ఆర్డరూ పోలేదు."

"నడిచింది. కాదనను." ఆ మాటే కొట్టాడు. "నడవడం వేరు, బాగుండటం వేరు. అది అడగరేం వీళ్లు?"

ఇవోనాకు ఒళ్లు మండింది. "అడిగినదానికి రాయండి చాలు. రైలుకు టైమవుతోంది."

"మీకెప్పుడూ తొందరే."

మళ్లీ రెండు వేళ్లు కదిలాయి. ఒకచోట ఆగిపోయాయి.

"ఈ తొమ్మిదోది కూడా రాయాలా?"

"అన్నీ రాయాలి."

"నిజమే రాయాలా?"

"కింద మీ సంతకం ఉంటుంది కదండీ."

ఆమె కిటికీలోంచి బయటకు చూస్తూ కూర్చుంది. ఆయన ఏదో కొట్టాడు, పంపేశాడు, లేచి గోదాములోకి వెళ్లిపోయాడు. వెళ్లొస్తానని చెప్పడానికి కూడా మనిషి లేడు.

పదకొండు రోజులకు సర్టిఫికెట్ వచ్చింది. ఆఫీసులో గసగసాల కేకు కోశారు. రాదెక్ బల్ల ఎక్కి నిలబడ్డాడు. "ఆ ముసలాయన్ని ఏం మాయ చేశావో గానీ, ఇకనుంచి మొండి ఘటాలన్నీ నీకే," అన్నాడు.

సర్టిఫికెట్‌తోపాటు సాక్షుల జవాబుల ప్రతులూ పంపారు. ఇవోనా తన సీటుకు వెళ్లి మూడోది తెరిచింది. గడువు తప్పలేదు, పని శుభ్రంగా ఉంది, మళ్లీ వీళ్లకే ఇస్తాను. పొగడ్త ఒక్కటీ లేదు, తప్పూ ఒక్కటీ పట్టలేదు. ఆమె కిందికి జరిపింది.

తొమ్మిదో ప్రశ్న: ఈ ఏజెన్సీలో ఎవరితోనైనా మీకు బంధుత్వం ఉందా? (బంధువుల సాక్ష్యం చెల్లదు.)

జవాబు: లేదు. నాకక్కడ ఎవరూ లేరు.

అది తన కోసం ఆడిన అబద్ధమో, పదకొండేళ్ల కిందట తనను గుమ్మంలో నిలబెట్టి, నువ్వు నాకేమీ కావని అన్న మాటనే మళ్లీ రాయడమో, ఇవోనా ఇప్పటికీ నాన్నను అడగలేదు.