నైలాన్ గూళ్లు

వాగు ఒడ్డున తుమ్మచెట్టు మీద గిజిగాళ్ల గుంపొకటి ఉండేది. ఒకనాడు వాటి పెద్ద ఎక్కడినుంచో నైలాన్ దారం మోసుకొచ్చి, అందర్నీ పిలిచాడు.

"ఇక గడ్డి సంగతి కట్టిపెట్టండి. దీంతో రెండు రోజుల్లో గూడు లేస్తుంది!"

నిజంగానే లేచాయి. పెద్ద మురిసిపోయాడు. మూడోనాడు గాలి వీచేసరికి ముడులు జారి, గూళ్లన్నీ వాగులో పడ్డాయి. ఇంకా గుడ్లు పెట్టలేదు కాబట్టి సరిపోయింది.

పెద్ద బిక్కమొహంతో, అల్లికలో పండిపోయిన ముసలి గిజిగాడి పక్కన వాలాడు.

"తాతా, ముడి నిలవదని నీకు ముందే తెలుసా?"

"ముక్కుతో పట్టుకోగానే తెలిసింది. కొమ్మకు గడ్డితో ముడేసి, కింద దారంతో అల్లితే నిలిచేది."

"మరి ఆరోజు అందర్నీ పిలిచానుగా! నోరు విప్పలేదేం?"

తాత తాపీగా గడ్డిపోచ చీలుస్తూ అన్నాడు.

"పిలిచావు నాయనా. అల్లమని చెప్పడానికి పిలిచావు, అడగడానికి కాదు."