మెట్ల మీద కూనిరాగం

దేశంలో ప్రమాదాల వల్ల ఎవరెలా పోతున్నారో ఇంటింటికీ వెళ్లి అడగడం నా ఉద్యోగం. అందరూ రోడ్లనే తిట్టిపోస్తారు గానీ, నేను తిరిగినంతలో బాత్‌రూములూ మెట్లూ ఏం తక్కువ తినలేదు.

ఒక మేడ మీది వాటాలో ఉండే ఆవిడ పని నుంచి ఇంటికి చేరేదే చీకటి పడ్డాక. అందుకే రాత్రి వెళ్లాను. నేను ఎక్కుతున్నప్పుడు మెట్ల మీద కొత్త బల్బు ధగధగా వెలుగుతోంది.

"మా ఆయన డాబా మీద ఆరేసిన బట్టలు తీసుకుని, కూనిరాగం తీస్తూ దిగుతుంటే కాలు జారిందమ్మా," అందావిడ. "బల్బు మాడిపోయింది, మార్చండి మహానుభావా అని నెల్లాళ్లు మొత్తుకున్నాను. వింటేగా! ఆయన పోయాక నేనే మార్చాను."

"అప్పుడు దగ్గర ఎవరైనా ఉన్నారాండీ?" అన్నాను. అందరినీ అడిగే ప్రశ్నే అది.

"ఎవరూ లేరు. నేను పనిలో ఉన్నాను."

రాసుకుంటున్నదాన్ని ఆగిపోయాను. "మరి ఆయన కూనిరాగం తీస్తున్నారని మీకెవరు చెప్పారు?"

ఆవిడ తలుపు కేసి చూసింది. నేనూ చూశాను. తలుపు కింది సందులోంచి పడుతున్న మెట్ల వెలుగు ఉన్నట్టుండి ఆరిపోయింది. ఎక్కడో పైన ఎవరో సన్నగా, తీరిగ్గా, కూనిరాగం అందుకున్నారు.

బ్యాగు లాక్కుని లేచాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుని మెల్లగా కుర్చీలో కూర్చోబెట్టింది.

"తొందరపడకమ్మా. ఆయన పడ్డాక దిగుదువుగాని."